ఒంటిచేతి రీలు

ఎలీషా మళ్ళీ గాలాల గొడవలో పడ్డాడని కాలేజీలో మొదట కనిపెట్టినవాడు కామేశం.

ఫిజిక్స్ ల్యాబులో పిల్లలు వెళ్ళిపోయాక, లెక్చరరు ఎలీషా ఇనప స్టాండుకి ఫోను ఆనించుకుని వీడియో చూస్తున్నాడు. అందులో ఎవరో చెరువు గట్టున నిలబడి రాడ్డు ఊపుతున్నారు. ఎర వెళ్ళి నాచు పక్కన టప్పున పడుతోంది. ఏదో కాగితం మీద సంతకానికి వచ్చిన కామేశం వెనకనించి వంగి చూశాడు. ఆయన కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు. పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టినవాడు. చేపని పళ్ళెంలో కాదు కదా, బజారులో కూడా దగ్గరగా చూసి ఎరగడు. కానీ తిరిగే యంత్రం ఏది కనబడినా అక్కణ్ణించి కదలలేడు. ఇంట్లో కుట్టుమిషనూ గోడ గడియారమూ ఎన్నోసార్లు ఆయన చేతుల్లో విడిపోయి మళ్ళీ బిగుసుకున్నాయి.

"ఏవిటండీ ఇది? రాడ్లూ అవీ అటకెక్కించేశామన్నారు?"

"ఎక్కించింది ఆవిడండీ. నేను దింపుదామని చూస్తున్నాను."

ఆవిడంటే స్టెల్లా, ఎలీషా భార్య. తాడేపల్లిగూడెంలో హైస్కూలు టీచరు. ఆమె తండ్రి ఆకివీడు అవతల కొల్లేటి లంకలో చిన్న చర్చికి పాస్టరుగా ఉండేవాడు. ఆమెకి అక్షరాలూ గాలం వేయడమూ దాదాపు ఒకేసారి వచ్చాయి. పెళ్ళయ్యాక ఎలీషాకి చేపలు పట్టడం నేర్పింది కూడా ఆమే. ఆదివారం ఆరాధన అయ్యాక, భోంచేసి, ఇద్దరూ స్కూటరు మీద ఏదో ఒక కాలవ గట్టుకి పోయేవారు. ఎలీషాకి ఒక్కటి పడేలోపు ఆమె బుట్టలో మూడుండేవి. కోపం వచ్చేది కాదు అతనికి. అందరితో చెప్పుకునేవాడు.

పోయిన వేసవిలో స్టెల్లాకి ఎడమ వైపు పక్షవాతం వచ్చింది. మాట త్వరగానే తిరిగొచ్చింది. కాలు కొంచెం ఆలస్యంగా వచ్చింది. చేయి మాత్రం సగంలో ఆగిపోయింది. ఎత్తగలదు, వేళ్ళు మూయగలదు, కానీ పట్టు నిలవదు. మళ్ళీ బడికి వెళ్తోంది, పాఠం చెప్తోంది, నవ్వుతోంది. ఒకరోజు మాత్రం రాడ్లన్నీ పాత చీరలో చుట్టి, "ఎవరికైనా ఇచ్చేయండి. చూస్తుంటే బాగాలేదు" అంది. ఎలీషా ఎవరికీ ఇవ్వలేదు. ఆ మూట అటక మీదికి చేరింది.

"ఇన్నాళ్ళూ తను వాడిన రీలు రాడ్డు కింద వేలాడే రకం" అని ఎలీషా కామేశానికి వివరించాడు. "విసిరే ముందు దాని మీదుండే వంపు తీగని రెండో చేత్తో ఎత్తాలి. అక్కడే ఆగిపోయిందండీ తను. ఇది చూడండి. బెయిట్‌కాస్టింగ్ రీలంటారు. రాడ్డు మీదే కూర్చుంటుంది. విసిరే చేతి బొటనవేలితోనే మీట నొక్కి, అదే వేలు దారం మీద ఆనించి విసరొచ్చు. రెండో చేయి అక్కర్లేదు."

"తిప్పడానికో?"

"రాడ్డు ఎడమ ముంజేతి మీద ఆనించుకుని కుడిచేత్తో తిప్పుకుంటుంది. ఒకటే చిక్కు. వేలు సమయానికి ఆపకపోతే చక్రం ఎరకంటే ముందు పరిగెడుతుంది. దారమంతా జుట్టులా ముడిపడిపోతుంది. దానికి ఒక్కో కంపెనీ ఒక్కో రకం బ్రేకు పెట్టింది. ఏది తన చేతికి సరిపోతుందో తేల్చుకోవాలి."

కామేశం ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. సంతకం సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఎలీషా బాగా ఆలోచించి కవామో అనే కంపెనీ రీలు తెప్పించాడు. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. బ్రేకు అయస్కాంతాలతో పనిచేస్తుంది, పక్కనున్న బిళ్ళ తిప్పితే ఎక్కువా తక్కువా అవుతుంది. రెండోది టైగర్‌ఫిన్. అది ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న రాజ్ కుమార్ దగ్గర్నించి వచ్చింది. రాజ్ కుమార్ ఒకప్పుడు స్టెల్లా దగ్గర చదువుకున్నాడు. "టీచరుగారి కోసమే అయితే పెట్టె కూడా విప్పలేదండీ, మీరే విప్పండి" అని పంపించాడు. మూడోది ఎవరూ అనుకోనిది. కామేశం రాత్రింబవళ్ళు ఫోనులో రీళ్ళ గురించి చదివి, చెప్పాపెట్టకుండా నోర్‌హాల్ అనే కంపెనీది తనే తెప్పించేశాడు. గుండ్రంగా, బరువుగా, లోపల ఇత్తడి పళ్ళ చక్రాలతో పాతకాలపు గడియారంలా ఉంది అది.

"చేప తినరు, మీకెందుకండీ ఇది?" అన్నాడు ఎలీషా.

"వీణ వాయించడం రానివాళ్ళ ఇంట్లో వీణ ఉండదేవిటండీ? తిప్పి చూడండి ఒకసారి. ఆ చప్పుడు వినండి."

పరీక్షలన్నీ కామేశం ఇంటి డాబా మీద. స్టెల్లాకి తెలియకుండా జరగాలని ఎలీషా పట్టుదల. తీరా ఏదీ నప్పకపోతే ఆమె ఆశ పెట్టుకుని దిగులు పడుతుందని అతని భయం. కాలేజీ అయ్యాక, కాగితాలు దిద్దే పనుందని ఇంట్లో చెప్పి వచ్చేవాడు. గాలం ముల్లు బదులు దారం చివర ఇనప నట్టు కట్టి, డాబా ఈ చివరనించి ఆ చివర పెట్టిన ప్లాస్టిక్ టబ్బులోకి విసిరేవారు. ఒకటి టబ్బులో పడితే మరొకటి పక్కింటి కొబ్బరిచెట్టులో పడేది. ఇంకొకటి కామేశం భార్య ఆండాళ్ళు ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాల మధ్యన పడింది. ఆవిడ ఆ పూట ఇద్దరికీ కాఫీ ఇవ్వలేదు.

మొదటిరోజే ఎలీషా తువ్వాలుతో ఎడమ చెయ్యి నడుముకి కట్టేసుకున్నాడు. కామేశం నవ్వబోయాడు. ఎందుకు కట్టుకున్నాడో అర్థమయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. ఎలీషా ఒంటిచేత్తో మీట నొక్కడం, విసరడం, రాడ్డుని కట్టేసిన చేతి మీదికి జార్చుకుని తిప్పడం, జారిపోతే కిందికి వంగి తీసుకోవడం కామేశం చాలాసేపు చూశాడు. తర్వాత తన ఉత్తరీయం తెచ్చుకుని, "నాదీ కట్టండి. రెండోవాడి అభిప్రాయం కూడా ఉండాలి కదండీ" అన్నాడు.

అభిప్రాయాలు కలవలేదు. కవామో మీట వెన్నలా నొక్కుకుంటుంది, బరువే లేదు, చిక్కుపడదు, ఇంక మాట్లాడేదేముంది అంటాడు ఎలీషా. టైగర్‌ఫిన్ దూరం బాగా పోతుంది కానీ గాలికి ఎదురుగా వేస్తే దారం ముడిపడుతోందని ఇద్దరూ ఒప్పుకున్నారు. నోర్‌హాల్ దగ్గర మాత్రం కామేశం దిగి రాడు.

"అది ఇటుకరాయండీ. జబ్బుపడి లేచిన మనిషికి ఇటుకరాయి ఇస్తామా?"

"దాని బ్రేకు చూశారా? గోలీల్లా చిన్న దిమ్మలు, వేగం పెరిగితే వాటంతటవే బయటికి జరిగి ఆపుతాయి. మీరు ఫిజిక్స్ వారు, మీకు నేను చెప్పాలా?"

"ఫిజిక్స్ వేరు, స్టెల్లా చెయ్యి వేరు."

ఈ మాట నోట్లో ఉండగానే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆండాళ్ళు వెనకాల స్టెల్లా డాబా మీదికి వచ్చింది. మామిడల్లం పచ్చడి పట్టుకెళ్ళడానికి వచ్చి, మాస్టారు పైనే ఉన్నారని విని ఎక్కింది. ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు, ఒకరి చెయ్యి తువ్వాలుతో, మరొకరి చెయ్యి జరీ ఉత్తరీయంతో కట్టేసి ఉన్నాయి.

"ఏవండీ" అంది స్టెల్లా. గొంతు మెల్లగానే ఉంది. "చేతికేమైంది?"

"ఏం కాలేదు స్టెల్లా. ఊరికే..."

"అన్నయ్యగారికీ ఊరికేనేనా?"

కామేశం ముడి విప్పుకోబోయాడు. ఒక చేత్తో రాలేదు. ఆండాళ్ళు వెళ్ళి విప్పింది. స్టెల్లా భర్త దగ్గరికి వచ్చి, తువ్వాలు ముడి తనే విప్పింది, కుడిచేత్తో మాత్రమే. ఆమెకి ఇప్పుడు అది అలవాటు.

"కట్టేసుకుంటే నా చెయ్యైపోతుందా అండీ?" అంది. "కట్టేసినా మీ చెయ్యి అక్కడుందని మీకు తెలుస్తూనే ఉంటుంది. నాకదే తెలీదు. గ్లాసు పట్టుకున్నాననుకుంటాను, చూస్తే కింద పడి ఉంటుంది. ఇన్ని రోజులూ ఇక్కడ నా గురించి మీరిద్దరూ తేల్చుకుంటున్నారా? నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే వద్దంటావని."

"వద్దనే అంటాను. అయినా అడగాలి కదా."

ఎలీషా తలదించుకున్నాడు. ఎర్రగా కందిపోయిన అతని మణికట్టుని ఆమె కాసేపు చూసింది. తువ్వాలు మరీ బిగించి కట్టుకున్నాడు. దాన్ని బొటనవేలితో ఒకటి రెండుసార్లు రుద్ది, మెట్ల వైపు తిరిగింది. పిట్టగోడ మీద వరసగా పెట్టిన రీళ్ళు అప్పుడు కనబడ్డాయి.

"ఇవేనా?"

ఆమె కవామోని తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వేళ్ళు నెమ్మదిగా దాని చుట్టూ మూసుకున్నాయి.

"నా చేతిలో ఉందా?"

"ఉంది" అన్నాడు ఎలీషా.

"నాకు తెలీడం లేదు."

టైగర్‌ఫిన్ పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. నోర్‌హాల్ పెట్టగానే చెయ్యి కొంచెం కిందికి దిగింది. కళ్ళు మూసుకునే ఉన్న స్టెల్లా మొహం మారింది.

"ఇది ఉంది. బరువు తెలుస్తోంది. అంచు కూడా తెలుస్తోంది, ఇక్కడ, వేలి మొదట్లో."

కామేశం గట్టిగా అరవబోయి ఎలీషా మొహం చూసి ఊరుకున్నాడు. ఊరుకోలేక చివరికి, "నేను చెప్పలేదండీ?" అని మాత్రం అన్నాడు. ఎలీషా ఆయన్ని కౌగిలించుకున్నాడు. చేప వాసన తగిలితే స్నానం చేసే మనిషిని అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

నోర్‌హాల్ మీట కొంచెం బిగువుగా ఉంది. కామేశం దాన్ని విప్పి, శుభ్రం చేసి, బొట్టు నూనె వేసి మళ్ళీ బిగించాడు. స్టెల్లా రోజూ సాయంత్రం ఇంటి ముందు నట్టు కట్టి విసురుతూ బొటనవేలికి అలవాటు చేసుకుంది. ఆకివీడులో రాజ్ కుమార్ చెరువుకి మాత్రం కార్తీకమాసం వెళ్ళాకే పోదామని కామేశం షరతు పెట్టాడు. ఆ నెలలో చేప మొహం కూడా చూడనన్నాడు. తను లేకుండా పోవడానికి వీల్లేదనీ అన్నాడు.

మార్గశిరంలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, ముగ్గురూ కామేశం కారులో గణపవరం మీదుగా వెళ్ళారు. చేపల లారీలు ఎదురొస్తూ రోడ్డు పొడుగునా ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతున్నాయి. రాజ్ కుమార్ చెరువు గట్టు మీద కుర్చీలు వేయించి ఎదురుచూస్తున్నాడు. ఆ చెరువులో పండుగప్పలు పెంచాడు. పట్టుబడి అయిపోయింది, వలకి చిక్కని కొన్ని పెద్ద చేపలు మిగిలాయి.

"కుర్చీ వద్దు బాబూ, నిలబడే వేస్తాను" అంది స్టెల్లా.

మొదటి విసురు పాడైంది. ఇంటి ముందు కుదిరింది ఇక్కడ గాలికి కుదరలేదు. ఎర నాలుగు బారలు పోయి పడింది. రీలు మీద దారం ఉబ్బి, ముడులు ముడులుగా పైకి లేచింది. స్టెల్లా దాన్ని చూసింది. చెరువుని చూసింది. "చాలండీ. ఇంటికి వెళ్దాం" అంది.

కామేశం మాత్రం రీలు అడిగి తీసుకుని, పంచె కాస్త పైకి దోపుకుని, గట్టు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ముప్ఫై ఏళ్ళుగా కాలేజీ ఆఫీసులో నేను చేస్తున్న పని ఇదే. చిక్కులు తీయడం. లాగకూడదు. వదులు చేస్తూ పోవాలి. కాసేపు కూర్చోండి."

ఒక్కో మెలికా తీస్తూ పోయాడు. తొందర లేదు ఆయనకి. ఆ వేళ్ళనే చూస్తూ స్టెల్లా మెల్లగా పక్కన కూర్చుంది. దారం మళ్ళీ సాఫీగా చుట్టుకున్నాక లేచి రాడ్డు అందుకుంది. రెండోసారి కొంచెం దూరం పోయింది. మరికొన్నిసార్లయ్యాక బొటనవేలికి గాలి లెక్క తెలిసింది.

"టీచరుగారండీ, ఆ ఏరియేటరు పక్కన వేయండి. నీళ్ళు తిరిగేచోట ఉంటాయండీ" అన్నాడు రాజ్ కుమార్.

చెరువులో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఆ యంత్రం పక్కన ఎర పడింది. స్టెల్లా రాడ్డుని ఎడమ ముంజేతి మీదికి జార్చి, రీలు కింద అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో తిప్పుతోంది. ఉన్నట్టుండి నీళ్ళు పగిలినట్టయ్యాయి. వెండిలా మెరుస్తూ పండుగప్ప పైకెగిరి, నోరు తెరిచి తల విదిలించి పడింది. రాడ్డు వంగిపోయి ఆమె ముంజేతి మీదనించి జారింది.

ఎలీషా పరిగెత్తాడు.

"పట్టుకోకండి!"

అతను చేతులు చాపినవాడు చాపినట్టే ఆగిపోయాడు. స్టెల్లా గట్టు మీద కూలబడింది. రాడ్డు మొదలు పొట్టకి ఆనించుకుని, రెండు మోకాళ్ళ మధ్య ఇరికించింది. ఎడమ అరచెయ్యి రీలు మీద బోర్లించింది. చేప దారాన్ని ఈడ్చుకుపోతుంటే రీలు కర్రుమని వదులుతోంది. అది ఆగినప్పుడల్లా కుడిచెయ్యి తిప్పుతోంది. నుదుట చెమట పట్టింది. ఆమె నవ్వుతోంది. పక్షవాతం తర్వాత ఆమె నవ్వు ఒక పక్కకి కొంచెం ఒరుగుతుంది. ఎలీషాకి ఆ నవ్వు ఇప్పుడు చాలా అందంగా కనిపించింది.

చేప ఏరియేటరు వైపు తిరిగింది. ఆ యంత్రం రెక్కలకి దారం తగిలితే తెగిపోతుందని రాజ్ కుమార్ స్విచ్చు కట్టేయడానికి షెడ్డు వైపు ఉరికాడు. చేతిలో ఉన్న చేపల వలబుట్టని దగ్గరున్న మనిషి చేతిలో పెట్టి మరీ ఉరికాడు. ఆ దగ్గరున్న మనిషి కామేశం.

"ఏవండీ, ఇంక రండి" అంది స్టెల్లా. "రాడ్డు పైకెత్తి పట్టుకోండి. తిప్పేది మాత్రం నేనే."

ఎలీషా ఆమె వెనక కూర్చుని, రెండు పక్కలనించీ చేతులు చాపి రాడ్డు ఎత్తి పట్టుకున్నాడు. ఆమె వీపు గట్టిగా ఊపిరి తీసుకోవడం అతని ఛాతీకి తెలుస్తోంది. ఎత్తమన్నప్పుడు ఎత్తాడు, దించమన్నప్పుడు దించాడు. చేప అలసిపోయి గట్టు కిందికి వచ్చింది.

"అన్నయ్యగారూ, బుట్ట పెట్టండి! తల వైపునించి!"

కామేశం శివ శివా అంటూ మోకాళ్ళ లోతు బురదలోకి దిగాడు. ఒక కన్ను మూసుకుని బుట్ట ముంచి ఎత్తాడు. ఎత్తాక రెండు కళ్ళూ తెరిచాడు. బుట్టలో పండుగప్ప మొప్పలు ఆడిస్తోంది. దాని కన్ను ఎండకి కుంకుడుగింజ రంగులోనించి బంగారంలోకి మారుతోంది.

"ఎంత బాగుందండీ ఇది" అన్నాడు. తర్వాత మొహమాటంగా, "దీన్ని ఇప్పుడు..." అని ఆగిపోయాడు.

స్టెల్లాకి అర్థమైంది. "పైకి తీసింది మీరు కదా అన్నయ్యగారూ. ఏం చేయమంటే అది చేద్దాం."

"వదిలేద్దామా అమ్మా?"

ఉదయంనించీ పులుసు గురించి ఆలోచిస్తున్న ఎలీషా గుటక మింగాడు. షెడ్డునించి తిరిగొచ్చిన రాజ్ కుమార్ అతని మొహం చూసి అటు తిరిగి నవ్వుకున్నాడు. చేప నోటిలోని ముల్లు స్టెల్లా తనే తీసి, దాన్ని రెండు చేతుల మీదికీ తీసుకుంది. ఎడమ చేతి మీద దాని పొట్ట బరువు కాసేపు ఆనించి ఉంచుకుంది. తర్వాత నీళ్ళలో పెట్టి, అది తోక కొట్టేదాకా ఆగి, వదిలేసింది.

తిరుగు ప్రయాణంలో కామేశం పక్క సీటు మీద ఆయన బురద పంచె సంచిలో ఉంది. రాజ్ కుమార్ ఇచ్చిన లుంగీ కట్టుకుని కారు నడుపుతూ, పళ్ళ చక్రాల గురించి ఆపకుండా మాట్లాడుతున్నాడు. వెనక సీట్లో స్టెల్లా కిటికీ అద్దం దించుకుంది. చెరువుల మీదనించి చల్లగాలి వస్తోంది.

"ఏవండీ, నిజం చెప్పండి. మూడింట్లో మీకేది నచ్చింది?"

"నాకైతే కవామోనే" అన్నాడు ఎలీషా.

"అయితే అది మీరు ఉంచుకోండి. వచ్చే ఆదివారం ఉప్పుటేరుకి పోదాం. ఎవరిది దూరం పడుతుందో చూద్దాం."

వచ్చే ఆదివారం అన్న మాట దగ్గర ఎలీషా ఆగిపోయాడు. చాలా రోజులుగా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు.

"నోర్‌హాల్ అంత దూరం పడదు స్టెల్లా."

"అది ఎలా అంటారండీ?" అన్నాడు కామేశం ముందు సీట్లోంచి, కారు నెమ్మది చేసి మరీ.

"రోడ్డు చూసి నడపండి అన్నయ్యగారూ" అంది స్టెల్లా. "ఆయన సంగతి ఆదివారం చూద్దాం."